పాత కంప్యూటరు: భోగిమంటకా, కనుమ పూజకా?

సంక్రాంతి సంచికకి ఏదైనా రాయమంటే గొబ్బెమ్మల గురించో గంగిరెద్దుల గురించో రాయాలిగానీ, గ్రాఫిక్స్ కార్డుల గోల ఏమిటి అంటారేమో. కానీ ఏడాదిగా మన సంఘం విందుల్లో, పిల్లల పుట్టినరోజుల్లో తల్లిదండ్రులు నలుగురు చేరిన చోట, కాలేజీ అడ్మిషన్ల తరవాత నేను ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. "మావాడి కంప్యూటరు పాతబడిందిట. గేములు సరిగ్గా ఆడటం లేదుట. కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలంటున్నాడు. ఏది కొనమంటారు?" నేను ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాణ్ణి గనక నాకు తెలిసే ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఈ ప్రశ్నకి మన ఇళ్ళలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. ఒకటి: "ఆ పాత డబ్బా పారేసి మొత్తం కొత్తది కొనేద్దాం, పీడా పోతుంది." రెండోది: "గేములకి ఒక్క పైసా ఇచ్చేది లేదు, పోయి చదువుకో." మొదటిది డబ్బుతో మాట తప్పించుకోవడం, రెండోది కోపంతో తప్పించుకోవడం. రెండింట్లోనూ పిల్లలతో కూర్చుని మాట్లాడటం అనేది లేదు. నేను చెప్పబోయేది మూడో దారి. పాత కంప్యూటరుని ఉంచండి. అవసరమైన భాగం మార్చండి. ఆ భాగం ఏదో తేల్చే పని ఒక లెక్క, ఒక హద్దు పెట్టి పిల్లల చేతికే ఇవ్వండి.

మన పండగలోనే ఈ నీతి ఉంది. భోగినాడు పనికిరాని పాతసామాను మంటలో వేస్తాం. కనుమనాడు ఏడాదంతా కాడి మోసిన ఎద్దుని కడిగి, కొమ్ములకి రంగులు వేసి, పసుపు కుంకుమలు పెడతాం. ఏది పారెయ్యాలో, ఏది నిలబెట్టుకోవాలో తెలియడమే సంసారం నడిపేవాడికి కావలసిన తెలివి. మన పిల్లలకి భోగి తెలిసినంతగా కనుమ తెలియదని నా అనుమానం. ఈ దేశంలో పారెయ్యడానికి ఎవరూ నేర్పక్కర్లేదు కదా!

ముందు ఈ కార్డు ఏం చేస్తుందో చెప్పుకుందాం. తెలిసినవాళ్ళు రెండు పేరాలు ఓపిక పట్టాలి. కంప్యూటరు తెర అంటే చుక్కల ముగ్గే అనుకోండి. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే దాదాపు 20 లక్షల 74 వేల చుక్కలు. గేము ఆడేటప్పుడు ఈ ముగ్గుని సెకనుకి 60 సార్లు చెరిపి, మళ్ళీ కొత్తగా వెయ్యాలి. అంటే సెకనుకి సుమారు 12 కోట్ల 44 లక్షల చుక్కలకి రంగులు దిద్దాలి. ఎంత నేర్పరి అయినా ఒక్క ఇల్లాలు ఈ పని చెయ్యలేదు. వీధిలో ఆడపిల్లలందరూ చెయ్యి వేస్తే అవుతుంది. కంప్యూటరులోని ప్రాసెసరు ఆ నేర్పరి ఇల్లాలు. గ్రాఫిక్స్ కార్డు ఆ వీధివీధంతా. ఒక్కొక్కరూ చేసేది చిన్నపనే, కానీ వేలమంది ఒక్కసారి చేస్తారు.

1993లో మొదలైన ఎన్విడియా కంపెనీ 1999లో జీఫోర్స్ 256 అనే కార్డు తెచ్చి, దానిలోని చిప్పుని జీపీయూ అని ప్రచారం చేసింది. అప్పట్లో అది కుర్రాళ్ళ ఆటవస్తువు. 2012లో టొరంటో విశ్వవిద్యాలయంలో ముగ్గురు పరిశోధకులు బొమ్మల్ని గుర్తుపట్టే అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రాముకి శిక్షణ ఇచ్చింది రెండు జీటీఎక్స్ 580 గేము కార్డుల మీదే. ఒక్కొక్కదానిలో ఉన్న మెమరీ 3 గిగాబైట్లు. ఆ ముగ్గురిలో ఒకరైన జెఫ్రీ హింటన్‌కి 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. నేడు కృత్రిమ మేధ అని మనం అంటున్నది చాలావరకు ఈ రకం చిప్పుల మీదే నడుస్తోంది. అంచేత ఈ కార్డుని ముట్టుకోవడమే చెడిపోవడం అనుకోకండి.

ఈ కథలో మనవాళ్ళ చెయ్యి కూడా ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్ చేసిన రాజా కోడూరి ఎస్3, ఏటీఐ, ఏఎండీ, ఆపిల్ కంపెనీల్లో పనిచేసి, 2015లో ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి అయ్యారు. ఆయన హయాములో 2016 జూన్ చివర్లో వచ్చిన ఆర్ఎక్స్ 480 కార్డు ధర 199 డాలర్ల నుంచి మొదలైంది. అందరికంటే వేగమైన కార్డు తేవాలని కాదు, మామూలు సంసారి కొనుక్కోగలిగే ధరలో మంచి కార్డు తేవాలని చేసిన ప్రయత్నం అది. ఇంజనీరింగు అంటే నా దృష్టిలో అదే. డబ్బుకి హద్దు లేకపోతే ఎవరైనా ఏదైనా కట్టగలరు. ఉన్న డబ్బులో, ఉన్న కరెంటులో, ఉన్న చోటులో కట్టి చూపించడమే విద్య.

మన తరానికి ఈ విద్య కష్టపడి నేర్చుకోవలసిన అవసరం లేకపోయింది. చేతిలో డబ్బు లేకపోవడమే నేర్పింది. నేను హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కంప్యూటరు కావాలంటే సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళేవాళ్ళం. ఒక కొట్లో మదర్‌బోర్డు, పక్క కొట్లో ర్యామ్, మెట్లకింద కొట్లో డబ్బా. ఈ ఏడు ప్రాసెసరు, పై ఏడు హార్డ్ డిస్కు. ఏ భాగం దేనితో కలుస్తుందో తెలియకుండా కొంటే డబ్బు పోయినట్టే. అందుకని కొనేముందు పదిమందిని అడిగేవాళ్ళం, చీటీ మీద లెక్క వేసుకునేవాళ్ళం. మన పిల్లలకి ఆ పేదరికం ఇవ్వక్కర్లేదు. కానీ ఆ చీటీ మాత్రం ఇవ్వాలి.

మా ఇంట్లో అది ఎలా జరిగిందో చెబుతాను. మా అమ్మాయికి పదహారేళ్ళు. గేములు మగపిల్లల వ్యవహారమని అనుకునేవాళ్ళు మా ఇంటికొచ్చి చూడవచ్చు. 2018లో కొన్న కంప్యూటరు తనది. ఇంటెల్ 8వ తరం ఐ5 ప్రాసెసరు, 6 గిగాబైట్ల జీటీఎక్స్ 1060 కార్డు, 8 గిగాబైట్ల ర్యామ్ ఒకే ముక్కగా, 500 వాట్ల పవర్ సప్లై, సెకనుకి 60 బొమ్మలు చూపించే మామూలు 1080 తెర. 2025 వేసవిలో వచ్చి, "నాన్నా, ఆర్‌టీఎక్స్ 5070 కొందాం. నా ఫ్రెండుకి అదే ఉంది. నాలుగేళ్ళు మళ్ళీ చూసుకోనక్కర్లేదు" అంది. ఆ కార్డు విడుదల ధర 549 డాలర్లు.

నేను ఔననలేదు, కాదనలేదు. "మొత్తం 450 డాలర్లు. అందులో 300 మావి, 150 నీవి. మిగిలితే నువ్వే ఉంచుకో. ఏది కొన్నా ఎందుకు కొంటున్నావో ఒక కాగితం మీద రాసి చూపించు" అన్నాను. చిన్నపిల్లలకి లెక్కలు చెప్పి సంపాదించుకున్న డబ్బు కావడంతో ఆ 150 తనకి బాగా బరువుగానే తోచింది. మా ఆవిడ డాక్టరు. తన ధోరణిలో, "జబ్బేమిటో తేలకుండా మందు రాస్తారా ఎవరైనా? ముందు పరీక్షలు చెయ్యి" అంది. ఆ మాటే మంచి సలహా అయింది. అక్కడి నుంచి పని నాలుగు ప్రశ్నలుగా నడిచింది. మీ ఇంట్లోనూ పనికొస్తాయని వాటిని వరసగా చెబుతాను.

మొదటి ప్రశ్న: తెర ఎంత? సెకనుకి 60 బొమ్మలు మాత్రమే చూపించగల తెరకి కార్డు 150 బొమ్మలు తయారుచేసి ఇచ్చినా కంటికి కనపడేవి 60 మాత్రమే. మీట నొక్కితే స్పందన కొంచెం త్వరగా రావచ్చు, అంతే. 4కే తెరలో చుక్కలు 82 లక్షల 94 వేలు. అంటే మామూలు తెరకి నాలుగింతలు. అలాంటి తెర ఉన్నవాళ్ళకి పెద్ద కార్డు కావాలి. మామూలు తెర ఉన్నవాళ్ళు పెద్ద కార్డు కొంటే, కాఫీ గ్లాసు పట్టుకుని గంగాళం కింద నిలబడ్డట్టే. పిండికొద్దీ రొట్టె అన్నారు కదా.

రెండో ప్రశ్న: జోడెద్దు ఎలా ఉంది? కాడికి ఒకవైపు ఒంగోలు గిత్తని, రెండోవైపు ముసలి ఎద్దుని కడితే బండి ముసలిదాని నడకే నడుస్తుంది. ప్రాసెసరు ముసలిదైతే కార్డు ఎంత కొత్తదైనా ఒక్కోసారి దానికోసం ఆగవలసిందే. ఇది తెలుసుకోవడానికి కొత్తగా ఏదీ కొననక్కర్లేదు. గేము నడుస్తుండగా విండోస్ టాస్క్ మేనేజర్‌లో కార్డు ఎంత శాతం పనిచేస్తోందో చూడాలి. ఎప్పుడూ 95 దాటి ఉంటే పాత కార్డే అడ్డు. కార్డు సగం ఖాళీగా ఉండి బొమ్మలు మాత్రం నత్తనడక నడుస్తుంటే అడ్డు మరెక్కడో ఉంది. ఇంకో పరీక్ష: గేములో చుక్కల సంఖ్య తగ్గించి చూడాలి. వేగం పెరిగితే కార్డుది లోపం, పెరగకపోతే ప్రాసెసరుదో ర్యామ్‌దో.

మా అమ్మాయి ఈ పరీక్షలు రెండు గేముల మీద చేసింది. కొత్తగా వచ్చిన పెద్ద గేములో పాత కార్డు 99 శాతం దగ్గర ఆయాసపడుతోంది. తను స్నేహితులతో రోజూ ఆడే వాలరెంట్‌లో మాత్రం కార్డు సుమారు సగమే పనిచేస్తోంది. అంటే రోజూ ఆడే ఆటకి కొత్త కార్డుతో పనే లేదు! ఆ ఆట అప్పుడప్పుడు తడబడటానికి ర్యామ్ ఒకే ముక్కగా ఉండటం కారణమని చదివి, అదే రకం 8 గిగాబైట్ల ముక్క ఇంకొకటి పెట్టింది. రెండు ముక్కలుంటే ప్రాసెసరుకి రెండు దారుల్లో సరఫరా అందుతుంది. పాతిక డాలర్ల లోపు ఖర్చుతో సగం ఫిర్యాదు తీరిపోయింది. 2025 చివరినుంచి, కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీవల్ల మెమరీ చిప్పుల ధరలు బాగా పెరిగాయి. ఇప్పుడు కొనేవాళ్ళకి ఆ ధర రాదు. కానీ పద్ధతి అదే: ముందు చవకైన రోగం ఏదైనా ఉందేమో చూడాలి.

మూడో ప్రశ్న: కరెంటు, చోటు చాలతాయా? 5070 కార్డు 250 వాట్లు తింటుంది, 650 వాట్ల పవర్ సప్లై ఉండాలని ఎన్విడియాయే చెబుతుంది. మాది 500. అంటే కార్డుతోబాటు పవర్ సప్లై కూడా కొనాలి. 549 కాస్తా 600 దాటిపోతుంది. మదర్‌బోర్డు మీది గాడి నుంచి కార్డుకి వచ్చేది 75 వాట్లే. మిగతాది విడి తీగల్లోంచి రావాలి: ఆరు సూదుల తీగ 75 వాట్లు, ఎనిమిది సూదులది 150 ఇస్తుంది. ఈ లెక్క ఎంత సున్నితమో చెప్పడానికి పైన చెప్పిన ఆర్ఎక్స్ 480నే చూడండి. విడుదలైనప్పుడు గాడి నుంచి హద్దుకి మించి కరెంటు లాగుతోందని సమీక్షకులు పట్టుకుంటే, ఏఎండీ కొద్దిరోజుల్లోనే డ్రైవరు మార్చి సరిచేసింది. ఇక పెద్ద కంపెనీలు తయారుచేసి అమ్మే టవర్లలో పవర్ సప్లై మామూలు కొలతల్లో ఉండకపోవచ్చు, మార్చడం కష్టం కావచ్చు. కార్డు పొడవు సంగతి చెప్పనే అక్కర్లేదు. మూడు ఫ్యాన్ల కార్డులు కొన్ని అడుగు పొడవుంటాయి. కొనేముందు డబ్బా తెరిచి టేపు పెట్టి కొలవాలి. వాకిలి వెడల్పు చూడకుండా బీరువా కొనేవాణ్ణి ఏమంటాం?

నాలుగో ప్రశ్న: కార్డు మీద మెమరీ ఎంత, అది మదర్‌బోర్డుతో ఎన్ని దారుల్లో మాట్లాడుతుంది? 2025లో ఇంచుమించు ఒకే ధరలో 8 గిగాబైట్ల కార్డులూ, 16 గిగాబైట్ల కార్డులూ వచ్చాయి. మెమరీ చాలకపోతే కార్డు మాటిమాటికీ కంప్యూటరు ర్యామ్ దగ్గరికి పరిగెత్తాలి. ఆ పరుగు దారి మీద ఆధారపడుతుంది. 2018 నాటి మా మదర్‌బోర్డులో ఉన్నది మూడో తరం దారి. నాలుగో తరంలో సగం వేగం. 2022 జనవరిలో 199 డాలర్లకి వచ్చిన ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే దారులు, 4 గిగాబైట్ల మెమరీ. పాత మదర్‌బోర్డుల్లో పెడితే కొన్ని గేముల్లో వేగం బాగా పడిపోతుందని సమీక్షకులు కొలిచి చూపించారు. చవకని కొనేది పాత కంప్యూటరువాళ్ళే, దెబ్బ తినేదీ వాళ్ళే!

ఈ నాలుగు ప్రశ్నలూ పెట్టుకుని మా అమ్మాయి మూడు కార్డుల పట్టిక వేసింది. మొదటిది ఇంటెల్ ఆర్క్ బీ580: 2024 డిసెంబరులో వచ్చింది, 12 గిగాబైట్లు, 249 డాలర్లు. రాజా కోడూరి 2017లో ఇంటెల్‌కి వెళ్ళి నిలబెట్టిన గ్రాఫిక్స్ వరస అది. ఆయన 2023లో ఇంటెల్ వదిలాక వచ్చిన రెండో తరం కార్డు. మన తెలుగాయన వేసిన పునాది కదా అని నాకు కొంచెం ముచ్చట కూడా కలిగింది. కానీ దానికి రీసైజబుల్ బార్ అనే సదుపాయం తప్పనిసరి. ఇంటెల్ ప్రాసెసర్లలో అధికారికంగా 10వ తరం నుంచే అది ఉంది. పైగా పాత ప్రాసెసర్ల పక్కన ఆ కార్డు వేగం తగ్గుతోందని 2025 జనవరిలో సమీక్షల్లో తేలింది. ఇంటిపేరు చూసి కార్డు కొనకూడదు సుమా.

రెండోది ఆర్‌టీఎక్స్ 5060: 299 డాలర్లు, 8 గిగాబైట్లు, 145 వాట్లు, ఎనిమిది దారులు. మూడోది ఏఎండీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ: 16 గిగాబైట్లది 349 డాలర్లు, 160 వాట్లు, పదహారు దారులు. రెండూ 2025 మే, జూన్ నెలల్లో వచ్చాయి. తను మూడోది ఎన్నుకుంది. కాగితం మీద రాసిన కారణం రెండు వాక్యాలు: "నా మదర్‌బోర్డు దారి పాతది గనక మెమరీ కార్డు మీదే ఉండటం మేలు. రేపు కంప్యూటరు మారినా ఈ కార్డు తీసి అందులో పెట్టుకోవచ్చు." మాకు ప్రకటించిన ధరకంటే కొంచెం ఎక్కువకే దొరికింది. అయినా ర్యామ్ పోగా తన చేతిలో అరవై చిల్లర డాలర్లు మిగిలాయి. 5070 కొంటే పైన ఇంకో 150 తెచ్చుకోవలసి వచ్చేది.

ఆ కార్డు గొప్పదని చెప్పడం నా ఉద్దేశం కాదు. ధరలు నెలనెలా మారతాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఎలాగూ వస్తాడు. మీ ఇంట్లో కంప్యూటరు వేరు, తెర వేరు, జవాబూ వేరు కావచ్చు. పదో తరం ప్రాసెసరూ మంచి పవర్ సప్లై ఉన్న ఇంట్లో ఆ ఇంటెల్ కార్డే మంచి బేరం కావచ్చు. వాడిన కార్డులు కూడా చెడ్డవేం కావు. 2021లో వచ్చిన 12 గిగాబైట్ల ఆర్‌టీఎక్స్ 3060 లాంటివి పాత కంప్యూటర్లకి బాగానే కుదురుతాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారి, కార్డులతో దాన్ని తవ్వే వ్యాపారం ముగిసిపోయాక చాలా కార్డులు అమ్మకానికి వచ్చాయి. వాడినది కొనేవాళ్ళు అది నడుస్తుండగా చూసి, ఫ్యాన్ల చప్పుడు విని, తిరిగి ఇచ్చే వీలున్న చోట కొంటే మంచిది.

భోగిమంటకి అర్హమైన కంప్యూటర్లు లేవని కూడా నేననను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, ఆపైన వచ్చిన ప్రాసెసర్ల మీదే నడుస్తుంది. కొన్ని మినహాయింపులున్నా, అంతకంటే పాతదానిలో 350 డాలర్ల కార్డు పెట్టేముందు బాగా ఆలోచించాలి. కార్డు మార్చవలసిన నిజమైన కారణాలు కూడా ఉన్నాయి. ఎన్విడియా తన జీటీఎక్స్ 900, 1000 వరసలకి కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ఆపి, ఆ తరవాత 2028 అక్టోబరు దాకా భద్రతా సవరణలు మాత్రమే ఇస్తానంది. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ గేము, 2025 మేలో వచ్చిన డూమ్ గేము, కాంతికిరణాల లెక్క కట్టే హార్డ్‌వేరు లేని పాత కార్డుల మీద ఆడవు. అంచేత "పాతది చాలదా నీకు" అని కసిరేముందు, పిల్లలు చెప్పేదాంట్లో నిజం ఉందేమో కూడా చూడాలి.

ఇప్పుడు పెద్ద ఆక్షేపణ. "కొత్త కార్డు పెడితే ఇంకా ఎక్కువసేపు ఆడతారు కదండీ?" చాలామంది ఇదే అడిగారు. నా మటుకు నాకు ఇవి రెండు వేరువేరు తగువులు. ఎన్ని గంటలు ఆడాలన్నది ఒకటి, దేనిమీద ఆడాలన్నది ఇంకొకటి. గంటల తగువులో గెలవలేక కార్డు తగువులో పట్టుదలకి పోతాం. కంప్యూటరు నత్తనడక నడిస్తే పిల్లలు చదువుకుంటారన్నది భ్రమ. ఫోను తీస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త రోగాల పట్టికలో గేముల వ్యసనం చేరింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. డాక్టర్ల ఇళ్ళలో ఈ సంగతి తెలుసు. మా ఆవిడ చెప్పిందాని ప్రకారం అందులో చూసేది గంటల సంఖ్య కాదు. ఆట మీద అదుపు తప్పడం, మిగతా పనులన్నిటికంటే అదే ముందుకు రావడం, నష్టం కనపడుతున్నా మానలేకపోవడం, ఇదంతా సాధారణంగా ఏడాదిపాటు సాగడం. అలాంటి లక్షణాలుంటే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. పాత కార్డు దానికి మందు కాదు.

మా ఇంట్లో గంటల తగువు ఇంకా ఉంది. స్కూలు రాత్రుళ్ళు పదిగంటలకి ఆపాలని నియమం. వారానికొకసారైనా దానిమీద వాదన తప్పదు. కార్డు మారినందువల్ల అది పెరగలేదు, తరగలేదు.

ఇదంతా ఎందుకింత పట్టించుకోవాలి, 200 డాలర్ల తేడా మనకో లెక్కా అనవచ్చు. నిజమే, దేవుడి దయవల్ల మనలో చాలామందికి అది లెక్క కాదు. అసలు చిక్కు అక్కడే ఉంది. పిల్లలకి సాకరు, సంగీతం, కూచిపూడి, లెక్కల పోటీలు, కోడింగు శిబిరాలు అన్నీ ఏర్పాటు చేస్తాం. అన్నిట్లోనూ నిర్ణయం మనదే. ఇంకో రెండేళ్ళలో వాళ్ళు కాలేజీకి వెళ్తారు. అక్కడ ఏ కోర్సు తియ్యాలో, ఏ అప్పు తీసుకోవాలో, ఎవరితో గది పంచుకోవాలో తామే తేల్చుకోవాలి. తరవాత ఏ ఉద్యోగం, ఏ ఇల్లు, ఏ సంబంధం. అప్పుడు మనం పక్కన ఉండం. నాకు ఇంతే చాలు అని చెప్పగలగడం, స్నేహితుడి దగ్గరున్నది నాకెందుకు కుదరదో కారణం చెప్పుకోగలగడం ఒక్కరోజులో అబ్బే గుణాలు కావు. చిన్న వస్తువుల మీద అలవాటు చెయ్యాలి. పొరపాటైనా 350 డాలర్లతో పోయే వయసులోనే చెయ్యాలి.

ఇంకొక సంగతి. మన పిల్లలకి మన ఉద్యోగం ఏమిటో సరిగా తెలియదు. నాన్న పొద్దున్న వెళ్ళి సాయంత్రం వస్తాడు, ఏవో మీటింగులు. ఆ నాలుగు వారాల్లో మా అమ్మాయి వాట్లు, దారులు, జోడు కుదరడం అని మాట్లాడుతుంటే, నేను పాతికేళ్ళుగా చేస్తున్న పని ఏమిటో తనకి మొదటిసారి అర్థమైందనిపించింది. అడగని సలహాలు వంద ఇచ్చినా జరగనిది, తను అడిగిన ప్రశ్నకి ఒక జవాబుతో జరిగింది. మన పిల్లలు మనల్ని మన విద్య గురించి అడిగే సందర్భాలు తక్కువ. ఇది వాటిలో ఒకటి. దాన్ని చెక్కు రాసో, కేకలేసో పోగొట్టుకోకండి.

అంచేత, మీ ఇంట్లో ఈ ఏడు గ్రాఫిక్స్ కార్డు ప్రశ్న వస్తే, ఏది కొనాలని నన్ను అడక్కండి. ఒక అంకె చెప్పండి, అందులో కొంత వాళ్ళ సొంత డబ్బు ఉండేలా చూడండి. తెర, జోడు, కరెంటు, మెమరీ అనే నాలుగు ప్రశ్నలు ఇవ్వండి. స్క్రూడ్రైవరూ కొలత టేపూ చేతికివ్వండి. కారణాలు తెలుగులోనో ఇంగ్లీషులోనో ఒక కాగితం మీద రాయించండి. ఆ కాగితం చదివి, మీకు నచ్చకపోయినా లెక్క సరిగ్గా ఉంటే ఒప్పుకోండి. డబ్బాలో దుమ్ము దులిపేటప్పుడు మీరూ పక్కన కూర్చోండి. ఏడేళ్ళు నమ్మకంగా పనిచేసిన కంప్యూటరుకి కనుమనాడు ఒక బొట్టు పెట్టినా తప్పు లేదు.

సంఘం సభ్యులందరికీ, వాళ్ళ పిల్లాపాపలకీ సంక్రాంతి శుభాకాంక్షలు.